అనంతపురం–అమరావతి ఎక్స్‌ప్రెస్‌వే: అలైన్‌మెంట్ మారితే రైతుకేమవుతుంది?

అందరికీ నమస్కారం. రాష్ట్ర విభజన తర్వాత, సీమకు రాజధాని దూరం కాకూడదని తలపెట్టిన రోడ్డు అనంతపురం–అమరావతి ఎక్స్‌ప్రెస్‌వే. అది ఇన్నేళ్లకీ ఎందుకు రాలేదో చూద్దాం.

[స్క్రీన్‌పై: ఆంధ్రప్రదేశ్ మ్యాప్]

మొదటి ప్లాన్‌లో కర్నూలు, కడప నుంచి వచ్చే దారులు కూడా ఇందులో కలవాలి. మధ్యలో నల్లమల ఉంది కాబట్టి సొరంగాలు కూడా అనుకున్నారు. 2019లో ప్రభుత్వం మారింది, ప్లానూ మారింది. తాడిపత్రి, గిద్దలూరు, వినుకొండ మీదుగా వెళ్లే 544డి జాతీయ రహదారిని వెడల్పు చేద్దామన్నారు. ఆ తర్వాత బెంగళూరు–కడప–విజయవాడ కారిడార్ వచ్చింది. అందులో కొడికొండ నుంచి ముప్పవరం దాకా 343 కిలోమీటర్లు పూర్తిగా కొత్త రోడ్డు. అవసరమైనదే, కానీ అనంతపురం ఊరిని తాకదు.

ఆలస్యం అనగానే మనం కాంట్రాక్టర్‌ని తిట్టుకుంటాం. ఇక్కడ ఏళ్లు తిన్నది అలైన్‌మెంట్, అంటే రోడ్డు ఏ దారిన పోవాలో మ్యాప్‌పై గీసే గీత. అది మారిన ప్రతిసారీ డీపీఆర్ (ప్రాజెక్టు పూర్తి నివేదిక), అటవీ అనుమతి, భూసేకరణ మళ్లీ మొదటికొస్తాయి.

[స్క్రీన్‌పై: 3ఏ → 3డి → 3జీ]

భూసేకరణ 1956 నాటి జాతీయ రహదారుల చట్టం ప్రకారం జరుగుతుంది. ఆ చట్టంలోని సెక్షన్ 3ఏ కింద, భూమి తీసుకోవాలనుకుంటున్నామని ఇచ్చే గెజిట్‌లో మీ సర్వే నంబర్ వస్తే, అభ్యంతరం చెప్పడానికి 21 రోజులే గడువు. ఏడాదిలోపు, భూమి తీసుకుంటున్నామని ఖాయం చేసే 3డి ప్రకటన రాకపోతే, కోర్టు స్టే ఉన్న కాలం మినహా, ఆ 3ఏ చెల్లదు. 3డి వచ్చిందంటే భూమి కేంద్రానిదే. పరిహారం తేల్చేది 3జీలో.

ఇప్పుడు ఒక చీనీ (బత్తాయి) తోట తీసుకోండి. కాపుకి రావడానికే నాలుగైదేళ్లు పడుతుంది. తోటలో సర్వే రాయి పడిందంటే ఆ భూమి కొనడానికి ఎవరూ ముందుకు రారు. కొత్త బోరు వేద్దామా, ఎండిన చెట్ల స్థానంలో కొత్తవి నాటుదామా అని రైతుకి రోజూ టెన్షన్. అలైన్‌మెంట్ మారిపోయినా ఆ మాట ఆయనకు చెప్పేవారుండరు. నా దృష్టిలో ఈ ఆలస్యంలో అతి పెద్ద అన్యాయం ఇదే. పాత గీత వదిలేస్తే, ఏ సర్వే నంబర్లు భూసేకరణ నుంచి తప్పించారో గ్రామసభలో రాతపూర్వకంగా చెప్పాలి.

మీ పొలం మీదుగా రోడ్డు పోతుందంటే, అధికారులు కలిసి వచ్చి చేసే ఉమ్మడి సర్వే రోజున దగ్గరుండండి. చెట్ల సంఖ్య, వాటి వయసు, బోరు, పైపులైను అన్నీ రికార్డులో ఎక్కాయో లేదో చూసుకున్నాకే సంతకం పెట్టండి.