పోస్టుకార్డంత గుడ్డ

వ్యాఖ్యాత: అందరికీ నమస్కారం. ఇప్పుడు నా ఎదుట బల్ల మీద పదకొండు గుడ్డ బొమ్మలు పరిచి ఉన్నాయి. ఒక్కొక్కటి పోస్టుకార్డంత, అంటే 14 సెంటీమీటర్ల పొడవు, 9 సెంటీమీటర్ల వెడల్పు. వాటి మీద పాత చీర ముక్కలు, శుభలేఖల కాగితం, విరిగిన గాజులు, గవ్వలు, నల్లని గీతలు ఉన్నాయి. వీటిని కుట్టిన అక్క నా పక్కనే కూర్చున్నారు. అక్కా, ఇంత చిన్నవి ఎందుకు?

అతిథి: గుడ్డ అంతే ఉంది కనుక. మా అమ్మమ్మ మంగళగిరి చీర నా చేతికి వచ్చేసరికి కుచ్చిళ్ల దగ్గర నలిగి, పైట వైపు పిగిలిపోయి ఉంది. ఒంటికి చుట్టుకునే లోపలి భాగంలో మాత్రమే రంగు నిలిచింది. అందులోనూ గట్టిగా ఉన్నది రెండు జానలు. దానితో గోడకు వేలాడదీసే పెద్ద పటం చేస్తే మిగతాదంతా కొత్త గుడ్డే అవుతుంది, అమ్మమ్మ చీర ఏదో ఒక మూల నిలబడుతుంది. పోస్టుకార్డంత చేస్తే చీరే బొమ్మ అవుతుంది.

వ్యాఖ్యాత: మొదట్లో జిగురుతో అంటించేవారు కదా?

అతిథి: మొదటి నాలుగూ అలాగే చేశాను. పల్చని నూలు గుడ్డ జిగురును పీల్చుకుంటుంది. ఆరాక నూనె పడినట్టు ముదురు మచ్చ తేలుతుంది, గుడ్డ అట్టలా బిరుసెక్కుతుంది. అమ్మమ్మ చీర అలా అట్టకట్టడం చూసి చాలా బాధపడ్డాను. అప్పుడు బొంత గుర్తొచ్చింది. పాత చీరలు పొరలు పొరలుగా పరిచి, తిన్నని కుట్టు వేసుకుంటూ పోయేవారు. పొరలన్నిటినీ దారమే పట్టుకునేది. నేను చేసేదీ అదే. అడుగున బాగా ఉతికిన మెత్తని గుడ్డ, దాని మీద చీర ముక్క, ఆ పైన కాగితమో గవ్వో.

వ్యాఖ్యాత: కాగితం సూదికి చిరిగిపోదా?

అతిథి: కుట్లు దగ్గరగా పడితే చిరుగుతుంది. తపాలా బిళ్లల మధ్య చిల్లులు ఉంటాయి చూడు, వాటి వెంట ఊడివచ్చినట్టే వస్తుంది. అందుకే ముందే సూదితో బియ్యపు గింజంత ఎడంలో చిల్లులు పొడుచుకుంటాను. కాగితం వెనక మల్లు గుడ్డ ఉంచుతాను. ఎంబ్రాయిడరీ దారంలో ఆరు పోగులు ఉంటాయి, ఒక్క పోగు విడదీసి కుట్టాలి.

వ్యాఖ్యాత: ఈ నల్లని గీతలు పెన్నుతో వేసినట్టు లేవు.

అతిథి: అది శ్రీకాళహస్తి కలంకారీ నలుపు. ఈ పని మొత్తంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అదే. కరక్కాయ పొడి కలిపిన పాలలో నూలు గుడ్డను నానబెట్టి ఎండబెడతారు. కరక్కాయలోని వగరు గుడ్డలోకి దిగుతుంది. పాలలోని కొవ్వు వల్ల రంగు పక్కలకు పాకదు. ఇంకోవైపు తుప్పుపట్టిన ఇనుప ముక్కలను బెల్లం నీళ్లలో వేసి రెండు మూడు వారాలు పులియబెడతారు. దాన్ని కసిమి అంటారు. మామూలు గుడ్డ మీద ఆ నీళ్లు వేస్తే తుప్పు మరకే పడుతుంది. కరక్కాయ పట్టించిన గుడ్డను తాకితే, ఆ ఇనుమూ ఈ వగరూ కలిసి నీ కళ్ల ముందే నల్లబడతాయి. ఎన్నిసార్లు చూసినా ఆ క్షణం నా చెయ్యి ఆగిపోతుంది.

వ్యాఖ్యాత: కలం మీరే చేసుకున్నారా?

అతిథి: వెదురు పుల్ల మొన చెక్కి, కాస్త పైన ఉన్ని చుట్టి దారంతో బిగించాను. ఉన్ని కసిమిని పీల్చుకుంటుంది, వేళ్లతో మెల్లగా నొక్కితే మొనకు దిగుతుంది. పెడనలో కలంకారీ అద్దే చెక్క అచ్చులూ నాకు ఇష్టమే. కానీ ఇంత చిన్న చోట ఒక్క అచ్చు వేస్తే ఇక దేనికీ జాగా ఉండదు. ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. ఇనుము నలుపు ఏళ్లు గడిచేకొద్దీ పోగులను తినేస్తుంది. పాత కలంకారీలలో నల్ల గీత ఉన్నచోటే గుడ్డ రాలిపోవడం కనిపిస్తుంది. అందుకని గీసిన గుడ్డను పారే నీళ్లలో బాగా జాడించాలి. అమ్మమ్మ చీర మీద కసిమి ఒక్క చుక్క కూడా వేయను. కొత్త గుడ్డ మీద గీసి చీర పక్కన కుడతాను.

వ్యాఖ్యాత: గాజు ముక్కకు చిల్లు లేదు కదా, ఎలా నిలిచింది?

అతిథి: లంబాడీ ఆడవాళ్లు అద్దాన్ని నిలిపే పద్ధతి ఇది. ముందు అడ్డంగా, నిలువుగా దారాలు వేసి, వాటి చుట్టూ అల్లుకుంటూ వస్తే దారమే చట్రమై పట్టుకుంటుంది. గాజు అంచు దారాన్ని కోయకుండా తడిపిన గరుకు కాగితం మీద అరగదీయాలి. ఒక కార్డుకు మెరిసేది ఒక్కటే పెడతాను. రెండోది పెడితే చూపు చీర మీద నిలవదు.

వ్యాఖ్యాత: అక్కా, నేనూ ఒకటి తెచ్చాను. మా నాన్న కండువా. ఆరు నెలలుగా బీరువాలోనే ఉంది. కత్తిరించడానికి చెయ్యి రావడం లేదు.

అతిథి: ఇలా ఇవ్వు. ముందు కిటికీ వైపు ఎత్తి పట్టుకుని చూద్దాం. ఇక్కడ, మెడ వెనక పడేచోట, పోగులు పల్చబడ్డాయి చూశావా? అమ్మమ్మ చీరలో నేను గట్టిగా ఉన్నచోటే వెతికాను. ఇప్పుడైతే ఈ అరిగిన చోటే తీసుకుంటాను. రోజూ ఆయన మెడకు రాసుకున్నది ఇదే కదా. అడుగున మెత్తని గుడ్డ వేస్తే ఈ మాత్రం ముక్క నిలుస్తుంది.

వ్యాఖ్యాత: మరి ఇప్పుడే కత్తిరించాలా?

అతిథి: వద్దు. ఆ చోటు చుట్టూ పోస్టుకార్డంత మేర దూరం దూరంగా కుట్టు వేసి, మళ్లీ బీరువాలో పెట్టుకో. కత్తెర సంగతి తర్వాత చూద్దాం. ఇదిగో సూది, తెల్ల దారం ఎక్కించి ఉంచాను.