టేపు కొలతకు సరిపోయిన బెల్టు ఇంజిన్‌కు ఎందుకు సరిపోదు?

(తెరపై: బల్ల మీద పక్కపక్కనే రెండు టైమింగ్ బెల్టులు, వాటి పక్కన కొలత టేపు.)

నమస్కారం. ఇంజిన్‌లో పిస్టన్లతో పాటు తిరిగే క్రాంక్ షాఫ్ట్ నుంచి, వాల్వులను తెరిచే క్యామ్ షాఫ్ట్‌కు తిరుగుడును వేళ తప్పకుండా అందించే పళ్ల బెల్టే టైమింగ్ బెల్టు. పాత మోటార్‌సైకిళ్ల టైమింగ్ బెల్టుల గురించి ఎక్కడ మాట వచ్చినా ఒకే సలహా వినిపిస్తుంది: "పాత బెల్టు విప్పి, పొడవూ వెడల్పూ కొలిచి, అవే కొలతలున్న కొత్తది తెచ్చి వేసుకోండి." ఇది మంచి మనసుతో చెప్పే మాటే. అయినా దీన్ని నమ్మినవారి ఇంజిన్లలో వాల్వులు వంగే ప్రమాదం ఉంది కనుక, ఇందులో ఏది తప్పో ఈరోజు వివరంగా చూద్దాం.

ఈ రెండు బెల్టులను గమనించండి. ఎడమవైపు దానికి 84 పళ్లు ఉన్నాయి. ఒక పంటి మధ్య నుంచి పక్క పంటి మధ్యకు దూరం, అంటే పిచ్, 9.525 మిల్లీమీటర్లు. కుడివైపు దానికి 100 పళ్లు, పిచ్ 8 మిల్లీమీటర్లు. గుణించి చూస్తే మొదటి దాని చుట్టుకొలత 800.1, రెండో దానిది 800. టేపు పట్టుకున్న మనిషికి ఆ తేడా కనిపించదు. కానీ ఒకదాని కోసం చేసిన పుల్లీ (బెల్టు ఎక్కే గాళ్ల చక్రం) మీద రెండోదాన్ని పెడితే రెండో పంటి దగ్గరే గాడి తప్పుతుంది.

చలికోటు జిప్పును తలుచుకోండి. రెండు జిప్పుల పొడవు ఒకటే అయినంత మాత్రాన ఒకదాని ఎడమ పట్టీని మరొకదాని కుడి పట్టీతో జోడించలేము. పళ్ల పరిమాణం, వాటి మధ్య ఎడం, వాటి ఆకారం మూడూ కలవాలి. టైమింగ్ బెల్టు, పుల్లీ కూడా అలాంటి జతే.

పిచ్ బొత్తిగా కలవకపోతే బెల్టు ఎక్కనే ఎక్కదు కనుక ఆ పొరపాటు వెంటనే బయటపడుతుంది. నన్ను ఎక్కువగా కలవరపెట్టేది పిచ్ కలిసి, పంటి ఆకారం మాత్రం కలవని బెల్టు.

(తెరపై: పంటి అంచు దగ్గరి దృశ్యం.)

ఈ పంటిని పక్కనుంచి చూడండి. రెండు వాలు గోడలు, పైన చదునైన తల. దీన్ని ట్రెపిజాయిడ్ ఆకారం అంటారు. పాత టైమింగ్ బెల్టులలో ఎక్కువగా కనిపించేది ఇదే. తరువాతి కాలంలో గుండ్రని పళ్లున్న బెల్టులు వచ్చాయి. గుండ్రని పంటిలో భారం పంటి మొత్తం మీద సమంగా పరచుకుంటుంది, ట్రెపిజాయిడ్ పంటిలో అది మొదలు దగ్గర పోగుపడుతుంది. ఆ లెక్కన గుండ్రని పన్నే మెరుగైనదని అనుకుని, పాత పుల్లీల మీద కొత్తరకం బెల్టు వేయాలని చూసేవారు ఉన్నారు. పన్ను మెరుగైనదే, కానీ దాని గాడి వేరు. గాడిలో పూర్తిగా కుదురుకోలేని పంటి అంచు ప్రతి చుట్టులోనూ ఒరుసుకుంటుంది. పైనున్న నైలాన్ గుడ్డ అరిగిపోతుంది. ఆ తరువాత పంటి మొదలు దగ్గర రబ్బరు చీలుతుంది. జత కలవని జిప్పు కూడా నాలుగు పళ్లు కలిసినట్టే కనిపించి, గట్టిగా లాగినప్పుడే విచ్చుకుంటుంది.

ఈ జాగ్రత్త ఏ బండ్లకు కావాలో చూద్దాం. ఇటలీకి చెందిన మోటో మొరీని 1973లో తెచ్చిన 3½ మోడల్‌లో బెల్టు సిలిండర్ హెడ్ దాకా వెళ్లదు. క్రాంక్‌కేసులో ఉన్న ఒకే క్యామ్‌షాఫ్ట్‌ను తిప్పుతుంది, అక్కడి నుంచి పొడవాటి కడ్డీలైన పుష్‌రాడ్లు వాల్వులను తెరుస్తాయి. 1975 నాటి హోండా గోల్డ్ వింగ్ జీఎల్1000లో రెండు వైపులా ఉన్న సిలిండర్ల జతలకు చెరొక బెల్టు ఉంటుంది. డుకాటీలో ఇంజినీరు ఫాబియో టాలియోని రూపొందించిన 500 సీసీ పాంటా 1979లో వచ్చింది. అంతకుముందు ఆ సంస్థ వీ-ట్విన్లలో (వీ ఆకారపు రెండు సిలిండర్ల ఇంజిన్లలో) క్యామ్‌లను తిప్పిన బెవెల్ గేర్లు (ఏటవాలు పళ్ల చక్రాలు), కడ్డీల స్థానాన్ని బెల్టులు తీసుకున్నాయి. బెవెల్ గేర్ల అందం వేరనేవారితో నాకు పేచీ లేదు. కానీ కూర్చడం తేలికై, చప్పుడు తగ్గి, ఖర్చు కూడా తగ్గిన ఈ మార్పు గొప్ప ఇంజినీరింగ్ నిర్ణయమని నా అభిప్రాయం.

పాంటా డెస్మోడ్రోమిక్ ఇంజిన్. వాల్వును తెరవడమే కాక మూయడం కూడా క్యామ్ పనే. బెల్టు తెగితే క్యామ్ ఆగుతుంది, పిస్టన్ ఆగదు, తెరిచి ఉన్న వాల్వును అది వచ్చి ఢీకొంటుంది. తెగకుండా ఒక్క పన్ను జారినా సమస్యే. క్యామ్ పుల్లీకి 40 పళ్లున్నాయనుకుంటే, ఒక పన్ను జారడం అంటే క్యామ్ 9 డిగ్రీలు పక్కకు పోవడం. క్యామ్ ఒక చుట్టు తిరిగేలోగా క్రాంక్ రెండు చుట్లు తిరుగుతుంది కనుక క్రాంక్ లెక్కలో అది 18 డిగ్రీలు. జిప్పును అడుగున ఒక పన్ను తప్పించి మొదలుపెడితే కోటు పైదాకా వంకరగానే మూసుకుంటుంది. ఇక్కడ ఆ వంకర వాల్వులు తెరుచుకునే వేళలో కనిపిస్తుంది.

ఇక రెండో అపోహ: కంపెనీ పెట్టెలో విప్పకుండా నిలవ ఉన్న అసలు బెల్టు అన్నింటికన్నా శ్రేష్ఠమని. పాత బండిని పాత విడిభాగాలతోనే నిలబెట్టాలనే ఆశను నేను గౌరవిస్తాను. హ్యాండిల్, దీపం, మీటర్ విషయంలో తప్పక వెతకండి, బెల్టు విషయంలో మాత్రం వద్దు. ఆనాటి బెల్టులలో ఎక్కువగా వాడిన నియోప్రీన్ రబ్బరు పెట్టెలో ఉన్నా గట్టిపడుతుంది. దాన్ని ఏళ్ల తరబడి మడతపెట్టి ఉంచితే లోపలి గాజునార దారాలకు ఆ మడత దగ్గర దెబ్బ తగులుతుంది. బయటికి ఇవేవీ తెలియవు. తరువాత వచ్చిన హెచ్ఎన్‌బీఆర్ రబ్బరు వేడిని, ఆయిల్‌ను నియోప్రీన్ కంటే బాగా తట్టుకుంటుంది. అదే పిచ్, అదే పంటి ఆకారం, అదే పళ్ల సంఖ్య, అదే వెడల్పుతో ఈ రబ్బరు బెల్టు దొరికితే నేను అదే ఎంచుకుంటాను. కొనేముందు బెల్టు వీపు మీద ముద్రించిన తయారీ తేదీని చదవండి. బండి తిరగకపోయినా రబ్బరుకు వయసు వస్తుంది కనుక, కిలోమీటర్లు తక్కువే కదా అని బెల్టు మార్పును వాయిదా వేయకండి.

కారు బెల్టు వాడవచ్చా అని అడుగుతారు. ఆ నాలుగు లక్షణాలూ కలిసి, బెల్టు తయారీదారు పట్టికలో అది ఇంజిన్ టైమింగ్ బెల్టుగానే ఉంటే వాడవచ్చు. తేలికపాటి యంత్రాల కోసం చేసిన పారిశ్రామిక బెల్టులలో కూడా 9.525 పిచ్ ట్రెపిజాయిడ్ రకం ఉంది. పన్ను సరిపోయినా ఇంజిన్ వేడికీ, కుదుపులకూ దాన్ని చేయలేదు కనుక అది వద్దు.

సమయం అయిపోతోంది కాబట్టి బిగింపు గురించి త్వరగా చెబుతాను. క్యామ్, క్రాంక్ ఆయిల్ సీళ్లు కారుతుంటే ముందు వాటిని మార్చండి, ఆయిల్ తగిలితే కొత్త బెల్టు కూడా ఉబ్బిపోతుంది. బెల్టును బిగువుగా ఉంచే టెన్షనర్ బేరింగును వేలితో తిప్పి చూసి, గరగరమంటే అదీ మార్చండి. బెల్టును మెలిపెట్టకూడదు, స్క్రూడ్రైవర్‌తో తోసి ఎక్కించకూడదు. బిగింపు ఎంతో మీ మోడల్ సర్వీసు పుస్తకం చెప్పినట్టే పాటించండి. తరువాత స్పార్క్ ప్లగ్గులు తీసి, క్రాంక్‌ను స్పానర్‌తో ఇంజిన్ తిరిగే దిశలోనే నిదానంగా రెండు పూర్తి చుట్లు తిప్పండి. మధ్యలో ఏదైనా గట్టిగా అడ్డు తగిలితే బలవంతం చేయకుండా ఆపి, బెల్టు విప్పి మళ్లీ మొదలుపెట్టండి. రెండు చుట్ల తరువాత క్యామ్, క్రాంక్ టైమింగ్ గుర్తులన్నీ తమ తమ స్థానాల్లోకి వస్తేనే ప్లగ్గులు బిగించి, ఇంజిన్ స్టార్ట్ చేయండి.