నీటిని వదలని పొర: బాక్టీరియా సెల్యులోజ్ పెంపకం, వినియోగం

సభాధ్యక్షులకు, వేదికపై ఉన్న పెద్దలకు, కోనసీమ రైతులకు, విద్యార్థులకు నమస్కారం.

వెనిగర్ పులిసే పాత్రలో, పాల మీద మీగడ కట్టినట్టు, ద్రవం పైన ఒక తెట్టు కడుతుంది. వెనిగర్ చేసేవాళ్లకు అది ఏనాటి నుంచో తెలుసు. అదేమిటో తేల్చి చెప్పినవాడు మాత్రం ఏడ్రియన్ జాన్ బ్రౌన్ అనే ఆంగ్ల రసాయన శాస్త్రవేత్త. దూదిలో ఉండే సెల్యులోజే ఈ తెట్టులోనూ ఉందని, దాన్ని తయారు చేస్తున్నది ఒక బాక్టీరియా అని ఆయన 1886లో ప్రకటించాడు. అప్పటి నుంచి ఆ బాక్టీరియా పేరు చాలాసార్లు మారింది. ఇప్పుడు దాన్ని కొమగటైబాక్టర్ జైలినస్ అంటున్నారు.

చెట్టు ఇచ్చే సెల్యులోజుకూ దీనికీ రసాయనికంగా తేడా లేదు. రెండూ గ్లూకోజ్ అణువులను వరుసగా కూర్చిన పొడవైన గొలుసులే. తేడా అంతా అల్లికలోనూ, స్వచ్ఛతలోనూ ఉంది. కలపలో సెల్యులోజ్, కలపను గట్టిపరిచే లిగ్నిన్‌తోనూ, మరో రకం చక్కెర గొలుసైన హెమీసెల్యులోజ్‌తోనూ పెనవేసుకుని ఉంటుంది కాబట్టి దాన్ని విడదీయడానికి కాగితపు మిల్లులు అంత వేడినీ అన్ని రసాయనాలనూ ఖర్చు పెట్టాల్సి వస్తుంది. బాక్టీరియా పొరలో ఆ రెండూ ఉండవు. ఒక్కో కణం తన పొడవునా ఒకే వరుసలో ఉన్న అతి సూక్ష్మ రంధ్రాల గుండా ఈ గొలుసులను బయటకు వదులుతుంది. అవి వెలుపలికి వచ్చీ రాగానే ఒకదానికొకటి అతుక్కుని, కొన్ని పదుల నానోమీటర్ల (నానోమీటరంటే మిల్లీమీటరులో పది లక్షల వంతు) వెడల్పు గల పట్టీగా మారతాయి. ఒక్క కణం గంటకు సుమారు 10 కోట్ల గ్లూకోజ్ అణువులను ఇలా గొలుసుల్లోకి చేర్చగలదు. ఈ పనిని అదుపు చేసే సంకేతం ఏదో వెతుకుతూ, జెరూసలేంలోని హీబ్రూ విశ్వవిద్యాలయంలో మోషే బెంజిమన్ బృందం 1987లో సైక్లిక్ డై-జీఎంపీ అనే చిన్న అణువును కనుగొన్నది. రోగకారక బాక్టీరియాతో సహా ఎన్నో జాతులు ఒకచోట పొరగా స్థిరపడాలా, విడిగా ఈదుతూ పోవాలా అన్నది తేల్చుకోవడంలో ఇదే అణువుకు ప్రధాన పాత్ర ఉందని తర్వాత తెలిసింది. వెనిగర్ తెట్టు వైద్యశాస్త్రానికి ఇంత పెద్ద కానుక ఇస్తుందని ముందుగా ఊహించినవారు ఉండరనుకుంటాను.

ఇక పెంపకం సంగతి. ప్రయోగశాలల్లో ఇప్పటికీ ఎక్కువగా వాడుతున్నది 1954లో హెస్ట్రిన్, ష్రామ్ అనే శాస్త్రవేత్తలు పోషక ద్రవానికి ఇచ్చిన పాళ్లే: లీటరు నీటికి 20 గ్రాముల గ్లూకోజ్, 5 గ్రాముల పెప్టోన్ (ముక్కలుగా విడగొట్టిన ప్రోటీన్ల పొడి), 5 గ్రాముల ఈస్ట్ సారం, కొద్దిగా ఫాస్ఫేటు, సిట్రిక్ ఆమ్లం. దీన్ని మరగబెట్టి చల్లార్చి, వెడల్పాటి ట్రేలో పోసి, బాక్టీరియాను కలిపి, గాలి ఆడే గుడ్డ కప్పి, 28 నుంచి 30 డిగ్రీల వేడిలో కదపకుండా ఉంచాలి. రెండు మూడు రోజులకు ద్రవం మీద మెరుపు తగ్గి, కంటికి ఆనీ ఆనని పొర కనిపిస్తుంది. ఈ జీవికి ప్రాణవాయువు కావాలి. అందుచేత కొత్త పొర ఎప్పుడూ గాలి తగిలే పైభాగంలోనే ఏర్పడి, పాత పొరను కిందికి నెడుతూ పోతుంది. ఎవరైనా ట్రేను కుదిపితే కట్టిన పొర మునిగిపోయి, పైన మళ్లీ కొత్తది మొదలవుతుంది. చివరికి చేతికొచ్చేది విడివిడి రేకులు. పెద్ద ట్యాంకులో గాలి ఊదుతూ కలియబెడితే పని తొందరగా తెమలదా అని అడగవచ్చు. అప్పుడు పొరకు బదులు ముద్దలు, ఉండలు వస్తాయి. పైగా సెల్యులోజ్ చేయడం మానేసిన కణాలు పెరిగిపోయి, మిగతావాటిని వెనక్కి నెట్టేస్తాయి. అందుకే పొర కావాలంటే నేటికీ ట్రేలే దిక్కు. ట్రేలంటే స్థలం, మనుషుల శ్రమ.

రెండు వారాలకు సుమారు సెంటీమీటరు మందమైన, లేత గోధుమ రంగు పలక తయారవుతుంది. దాన్ని పలుచని కాస్టిక్ సోడా ద్రావణంలో 80, 90 డిగ్రీల దగ్గర ఉంచితే లోపలి బాక్టీరియా చచ్చి, కణాల అవశేషాలు కరిగిపోయి, పలక తెల్లబడుతుంది. తర్వాత క్షారం పూర్తిగా పోయేదాకా నీటితో కడగాలి. వైద్యానికి వాడేదైతే ఈ కడగడమే అసలు పని, ఎందుకంటే ఈ జాతి బాక్టీరియా గోడలో, ఒంట్లోకి చేరితే జ్వరం తెప్పించే ఎండోటాక్సిన్ అనే విషపదార్థం ఉంటుంది.

ఇప్పుడు ఒక చిన్న లెక్క చూడండి. చదరపు మీటరు విస్తీర్ణం, సెంటీమీటరు మందం ఉన్న పలక దాదాపు 10 కిలోలు తూగుతుంది. అందులో 99 శాతం నీరే. ఆరబెడితే మిగిలేది 100 గ్రాములు. అంటే మామూలు ఆఫీసు కాగితం కంటే కొంచెం బరువైన రేకు. ఒకసారి పూర్తిగా ఎండిన తర్వాత దాన్ని మళ్లీ నీళ్లలో వేసినా పాత మందం రాదు. పోగులు ఒకదానికొకటి కరుచుకుపోతాయి. ఈ పదార్థంతో ఏం చేయవచ్చన్న ప్రశ్నకు జవాబును నా మటుకు నేను ఈ లెక్క నుంచే మొదలుపెడతాను. నీరు పోనక్కరలేని చోట ఇది ఇట్టే పనికొస్తుంది. నీరు పోవాల్సిన చోట, కొద్ది గ్రాములకే మంచి ధర పలికితే తప్ప గిట్టుబాటు కాదు.

మొదటి కోవకు చెందినది ఫిలిప్పీన్స్‌లో కొబ్బరి నీళ్లతో చేసే నాటా డి కోకో. పలకను ముక్కలుగా కోసి, పులుపు పోయేలా కడిగి, పంచదార పాకంలో వేసి తింటారు. 1990లలో జపాన్‌లో దీనికి విపరీతమైన గిరాకీ వచ్చింది. అందం కోసం ముఖంపై వేసుకునే తడి మాస్కులూ ఇదే కోవ. రెండో కోవకు మంచి ఉదాహరణ సోనీ సంస్థ: ఎండిన రేకు గట్టిదనం, కంపనాన్ని త్వరగా అణిచే గుణం చూసి 1989లో ఖరీదైన ఎండీఆర్-ఆర్10 హెడ్‌ఫోన్లలో కంపన పటలంగా, అంటే కంపించి శబ్దం పుట్టించే పలుచని రేకుగా, వాడింది. బ్రెజిల్‌లో బయోఫిల్ పేరుతో కాలిన గాయాలపై కప్పే పలుచని పొరగా 1980లలోనే వచ్చింది. మన శరీరంలో సెల్యులోజును జీర్ణించే ఎంజైము లేదు కాబట్టి లోపల అమర్చిన పొర కరగదు; అది కొన్ని చికిత్సలకు వరం, కొన్నింటికి అడ్డంకి.

వార్తల్లో ఎక్కువగా వినిపించేది తోలుకు బదులుగా వాడటం గురించే. లండన్‌లో సుజాన్ లీ అనే డిజైనరు పులియబెట్టిన తేనీటి మీద పెరిగిన పొరతో కోట్లు కుట్టి ప్రపంచం దృష్టిని ఆకర్షించారు. అయితే వానలో తడిస్తే ఆ గుడ్డ నీరు పీల్చి ఉబ్బుతుంది. కేరళలోని మలై సంస్థ కొబ్బరి నీళ్లలో పెంచిన సెల్యులోజుకు అరటి నార వంటివి కలిపి తోలు వంటి షీట్లు తయారు చేస్తోంది. లండన్ ఇంపీరియల్ కళాశాల పరిశోధకులైతే పొరను అల్లే బాక్టీరియాలోనే జన్యుమార్పు చేసి, తనకు తానే నల్లరంగు వేసుకునే పొరను 2024లో చూపించారు. ప్రయత్నాలు ముచ్చటైనవే. అయినా చదరపు మీటరుకు 10 కిలోల నీరు మోసి, ఆరబెట్టి, చివరికి పశువుల తోలు ధరతో పోటీ పడటం చిన్న సంగతి కాదు.

ఇక మన అంబాజీపేట ప్రాంతం విషయం. ముదురు కాయ కొట్టి కోరు, ఎండు కొబ్బరి చేసే చోట నీళ్లు కాలువ పాలవుతున్నాయి. కురిడీకి నిల్వ చేసిన కాయలో నీరు లోపలే ఇంకిపోతుంది కాబట్టి అది దీనికి పనికిరాదు. కొట్టిన నీళ్లు ఈ ఎండకు కొన్ని గంటల్లోనే పాడవుతాయి. అందుచేత కాయ కొట్టే చోటనే, అదే రోజు వడగట్టి మరగబెట్టగలిగిన వాళ్లే ఇందులో దిగాలి. మొదటి సరుకు తినేదో, తడి మాస్కో కావాలి గాని తోలు కాకూడదని నా అభిప్రాయం. ట్రేలు కొనే ముందే క్షారపు నీళ్లు పంట కాలువలో కలవకుండా ఒక తొట్టి కట్టుకోవాలి. పలక తీశాక మిగిలే పుల్లటి ద్రవాన్ని అందులోనే పోస్తే క్షారం కొంతవరకు విరుగుతుంది, మిగతాది ఆమ్లం కొని విరిచి, లిట్మస్ కాగితంతో చూసుకున్నాకే నీటిని వదలాలి.