గోదాములో పట్టుకున్న జ్వరం

వ్యాఖ్యాత: తెనాలి నుంచి ఒక సోదరి లైన్లో ఉన్నారు. చెప్పండమ్మా.

శ్రోత: నమస్కారం డాక్టరు గారూ. మా నాన్నగారికి 61 ఏళ్లు, బియ్యం గోదాములో గుమస్తా. 20 రోజుల కిందట జ్వరం, తలనొప్పి పట్టుకున్నాయి. టైఫాయిడ్ అని సూదిమందు వేశారు. తొమ్మిదో రోజుకు మూత్రం గ్లాసెడు కూడా రాలేదు. పెద్దాసుపత్రిలో మ్యూరైన్ టైఫస్ అన్నారు. మూడుసార్లు డయాలిసిస్ అయింది. ఇక జీవితాంతం ఇంతేనా అని అమ్మ ఒకటే ఏడుపు.

డాక్టరు: అమ్మను కూడా వినమనండి. ఇప్పుడు మూత్రం ఎంత వస్తోంది?

శ్రోత: నిన్న కొలిచాం, లీటరు దాటింది. క్రియాటినిన్ మాత్రం ఇంకా నాలుగు దగ్గరే ఉంది.

డాక్టరు: ముందు మూత్రం వస్తుంది, కిడ్నీ వడకట్టలేక రక్తంలో మిగిలిన వ్యర్థాన్ని చూపే ఆ అంకె దిగడానికి ఇంకొన్ని రోజులు పడుతుంది. ఈ టైఫస్ సూక్ష్మజీవి రక్తనాళాల లోపలి పొరను పట్టుకుంటుంది. రక్తంలోని నీరు బయటికి ఊరిపోయి కిడ్నీకి రక్తం చాలదు. ఏళ్ల తరబడి షుగరుతో అరిగిన కిడ్నీ వేరు, వారంలో దెబ్బతిన్న కిడ్నీ వేరు. ఇది చాలామందిలో కోలుకుంటుంది. ఒళ్లునొప్పులకు ఏమైనా మాత్రలు వేసుకున్నారా?

శ్రోత: మందుల షాపులో డైక్లోఫెనాక్ ఇచ్చారండి. రోజుకు రెండు.

డాక్టరు: కిడ్నీని దెబ్బతీయడంలో అదీ తన వంతు చేసి ఉంటుంది. ఇక ముట్టవద్దు. టైఫాయిడ్‌, టైఫస్ అని ఒకేలా వినిపించే పేర్లతో నాకు పాత తగాదా ఉందమ్మా. మొదటిది కలుషితమైన నీళ్లతో, తిండితో వస్తుంది. రెండోది ఎలుక ఒంటి మీద గెంతే రెక్కల్లేని చిన్న పురుగు విసర్జన మనం గోక్కున్న చోట చేరితే వస్తుంది. టైఫాయిడ్‌కు వేసే సెఫ్ట్రియాక్సోన్ దీనికి పనిచేయదు. డాక్సీసైక్లిన్ ఇవ్వాలి. అది కిడ్నీ దెబ్బతిన్నా మోతాదు తగ్గించనక్కర్లేని మందు. గోదాములో ఎలుకల మందు పెట్టారా?

శ్రోత: నెల కిందట పెట్టారు. చచ్చినవాటిని నాన్నగారే తోక పట్టుకుని పారేశారు.

డాక్టరు: చూశారా! ఎలుక చల్లబడగానే ఆ పురుగులు దాన్ని వదిలి వెచ్చని ఒళ్లు వెతుక్కుంటాయి. ముందు పురుగుల మందు కొట్టించి, తర్వాత ఎలుకల మందు పెట్టమని యజమానికి చెప్పండి. నాన్నగారి మూత్రం రోజూ కొలిచి రాసిపెట్టండి. ఉన్నట్టుండి రోజుకు మూడు నాలుగు లీటర్లు వచ్చినా కంగారు వద్దు, ఆ రోజే మీ డాక్టరుకు చూపించండి.