జెడ్ డ్రైవ్ మీద ఎర్ర ఇంటూ పడిందా? ముందు ఎర్రర్ నంబర్ చూడండి

చీమకుర్తి గ్రానైట్ బిల్లులు రాసే ఒంగోలు ఆఫీసు ఒకటి అనుకోండి. ఒక సిస్టంలో ట్యాలీ డేటా, మిగతా నాలుగింట్లో అదే ఫోల్డర్ నెట్‌వర్క్ మీదుగా జెడ్ డ్రైవ్‌గా కనిపిస్తుంది. పొద్దున్నే చూస్తే ఎర్ర ఇంటూ. మనోళ్లు ముందు రూటర్ ఆపి మళ్లీ వేస్తారు, తర్వాత ఫైర్‌వాల్ మొత్తం తీసేస్తారు. ఆ రెండోది మాత్రం వద్దన్నా.

కమాండ్ ప్రాంప్ట్ తెరవండి. నెట్ యూజ్ అని కొట్టి, స్పేస్ ఇచ్చి, రెండు బ్యాక్‌స్లాష్‌లు, డేటా ఉన్న సిస్టం పేరు, ఒక బ్యాక్‌స్లాష్, షేర్ చేసిన ఫోల్డర్ పేరు. కలవకపోతే ఒక ఎర్రర్ నంబర్ చూపిస్తుంది. జెడ్ అని రాయొద్దు, జెడ్ అక్షరం ముందే ఏదో ఫోల్డర్‌కి కలిపి (మ్యాప్ చేసి) ఉంటే 85 అని వేరే గొడవ మొదలవుతుంది.

53 వస్తే దారే దొరకలేదని. పేరు బదులు ఆ సిస్టం ఐపీ (నెట్‌వర్క్‌లో దాని అంకెల అడ్రస్) కొట్టండి. తెరుచుకుందా, తేడా పేరు దగ్గరే. అదీ రాకపోతే ఆ సిస్టం స్లీప్‌లో ఉందేమో, నెట్‌వర్క్ పబ్లిక్‌లో పడిందేమో చూసి ప్రైవేట్ చేయండి. పింగ్‌ని (సిస్టం పలుకుతుందా అని చూసే కమాండ్) నమ్మొద్దు, ఫైర్‌వాల్ దాన్ని ఆపి ఫైళ్లను వదలొచ్చు. మనకి కావాల్సింది ఫైల్ షేరింగ్ నడిచే 445 పోర్టు. కరెంటు పోయొచ్చాక ఐపీ మారే చోట, ఆ సిస్టానికి ఎప్పుడూ అదే ఐపీ వచ్చేలా రూటర్‌లో రిజర్వ్ చేసేయండి.

5 వస్తే దారి ఉంది, తాళం పడింది. తాళాలు రెండు: ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో షేరింగ్ పర్మిషన్ ఒకటి, సెక్యూరిటీ ట్యాబ్ ఒకటి. రెండింట్లో ఏది తక్కువిస్తే అదే చెల్లుతుంది. ఎక్కువమంది మొదటిది మార్చి రెండోది మర్చిపోతారు.

1326 అంటే యూజర్ పేరో పాస్‌వర్డో తప్పు. రోజూ కొట్టే పిన్ ఇక్కడ పనికిరాదు, అది ఆ ఒక్క సిస్టానికే. 1219 అంటే ఒకే సర్వర్‌కి రెండు పేర్లతో పోతున్నారు. విండోస్ పాస్‌వర్డ్‌లు దాచుకునే క్రెడెన్షియల్ మేనేజర్‌లో పాతది తీసేసి, సైన్ అవుట్ అయి రండి.

2024లో వచ్చిన విండోస్ 11 ప్రో 24హెచ్2 ఎక్కించాక ఆగిందంటే, అది గెస్ట్‌గా, అంటే పాస్‌వర్డ్ లేకుండా, పోనివ్వదు. గెస్ట్‌ని మళ్లీ తెరిచే చిట్కాలు చాలామంది చెప్తారు. దానికన్నా డేటా సిస్టంలో పాస్‌వర్డ్ ఉన్న లోకల్ యూజర్‌ని ఒకర్ని పెట్టి, నాలుగు సిస్టాల్లో అదే ఇవ్వండి. రెండు నిమిషాల పని.

ఇంకోటి. ఎక్స్‌ప్లోరర్‌లో జెడ్ ఉంది, ట్యాలీలో లేదు. ట్యాలీని రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్‌తో తెరిచుంటారు. మామూలుగా మ్యాప్ చేసిన డ్రైవ్ అక్కడ కనిపించదు. ఆ టిక్కు తీసి తెరవండి.