టామ్ రాబిన్సన్ జాలిపడటమే నేరమైంది

(తెర మీద: 1930లు, అలబామా. మేకోంబ్ అనే ఊహా పట్టణం. ఒకటో తరగతి గది.)

1960లో వచ్చిన హార్పర్ లీ నవల 'టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్' అనగానే అందరూ కోర్టు సీన్ గురించే మాట్లాడతారు, అంటే మయెల్లా యూయెల్ అనే తెల్లమ్మాయిని చెరిచాడని నల్లజాతి మనిషి టామ్ రాబిన్సన్ మీద నడిచిన కేసు. మనం మాత్రం క్లాస్‌రూమ్ నుంచి మొదలుపెడదాం.

భోజనం తెచ్చుకోని పేదింటి పిల్లాడు వాల్టర్ కన్నింగ్‌హామ్‌కి కొత్త టీచర్ పావు డాలర్ అప్పు ఇవ్వబోతే వాడు తీసుకోడు. తిరిగి తీర్చలేనిది ఆ ఇంట్లో ఎవరూ ముట్టుకోరని చెప్పబోయిన చిన్నారి స్కౌట్‌కి (కథ చెప్పేది ఈ పిల్లే) అరచేతి మీద స్కేలు దెబ్బలు పడతాయి. తర్వాతెప్పుడో వాల్టర్‌ని ఇంటికి పిలుస్తానంటే మేనత్త అలెగ్జాండ్రా ససేమిరా ఒప్పుకోదు. గమనించండి, వాల్టర్ కూడా తెల్లవాడే!

ఇక యూయెల్ కుటుంబం. చెత్తకుప్ప పక్కన ఇల్లు, తాగుబోతు తండ్రి, తల్లి లేదు, తమ్ముళ్ల చెల్లెళ్ల భారమంతా పెద్దకూతురు మయెల్లా మీదే. ఊరు వాళ్లని లెక్కచేయదు, వాళ్లకి మిగిలిన హోదా తెల్లతోలు ఒక్కటే.

(తెర మీద: కోర్టు హాలు.)

టామ్ ఎడమచెయ్యి చిన్నప్పుడే పత్తి మిషన్‌లో పడి పనికిరాకుండా పోయింది, మయెల్లా ముఖం మీద దెబ్బలేమో కుడివైపు, అంటే కొట్టింది ఎడమచేతివాటం మనిషి అయ్యుండాలి, తండ్రి యూయెల్‌ది ఆ వాటమే, ఇదంతా జ్యూరీ కళ్లముందే ఉంది. కానీ డబ్బు తీసుకోకుండా ఆమెకి పనులెందుకు చేసిపెట్టావని ప్రాసిక్యూటర్ గుచ్చి గుచ్చి అడిగితే, జాలేసింది అంటాడు టామ్. అంతే, పని అయిపోయింది. నల్లజాతి మనిషి తెల్లమ్మాయి మీద జాలిపడటమా? ఎంత అట్టడుగున ఉన్నా ఆమె అతనికంటే పైనే ఉండాలి, ఆ ఊరి లెక్క అది.

ఆ ప్రశ్నలడిగే తీరు చూడలేక స్కౌట్ స్నేహితుడైన పిల్లాడు డిల్ వెక్కివెక్కి ఏడుస్తాడు. మరి స్కౌట్? ఎంతైనా అతను నల్లవాడే కదా అని డిల్‌కే సర్దిచెప్పబోతుంది. టామ్ తరఫున వాదిస్తున్న లాయర్ అట్టికస్ లాంటి తండ్రి చేతిలో పెరిగిన పిల్ల నోట్లోంచి ఆ మాట వచ్చిందంటే ఊరి గాలి ఎంత లోపలికి వెళ్లిందో చూడండి. పిల్లల అమాయకత్వం గురించి పొగిడేవాళ్లు ఈ చోటు దాటేస్తారు, నాకైతే నవలలో అన్నిటికంటే నిజాయితీ ఉన్న చోటు ఇదే.

23వ అధ్యాయంలో అన్నయ్య జెమ్ తమ ప్రాంతంలో మనుషులు నాలుగు రకాలని లెక్క తేలుస్తాడు: మనలాంటివాళ్లు, కన్నింగ్‌హామ్‌లు, యూయెల్‌లు, నల్లవాళ్లు. అప్పటికి మారిన స్కౌట్, కాదు, ఉన్నది ఒక్క రకమే, మనుషులంతే అంటుంది. ఈ మాటని అందరూ పోస్టర్ల మీద వేసుకుంటారు. దానికి జెమ్ ఇచ్చే జవాబు కూడా చదవండి: నీ వయసులో నేనూ అలాగే అనుకున్నా అంటాడు.