ఆపరేషన్ బల్ల మీద గోదారి ప్రయాణం

హోస్ట్: నమస్కారమండి. ఇవాళ మనతో కోనసీమలో పనిచేసే ఒక మత్తు డాక్టరు గారు ఉన్నారు. మేడమ్, సూటిగా అడిగేస్తాను. వీఆర్ హెడ్‌సెట్, అంటే కళ్లకి పెట్టుకుంటే చుట్టూ వేరే లోకం కనబడే పరికరం, తగిలిస్తే కోత పెట్టినా నొప్పి తెలీదంటున్నారు. నిజమేనా?

డాక్టర్: కాదండి. నొప్పిని ఆపేది ఇంజక్షనే. ముంజేతి మీద కొవ్వు గడ్డ తియ్యాలన్నా, లోపలికి దిగిన కాలి గోరు తియ్యాలన్నా, లిగ్నోకైన్‌తో అక్కడ మొద్దుబార్చాకే కత్తి పెడతారు. హెడ్‌సెట్ పని భయం మీద. మనిషి మెలకువగా ఉంటాడు కదండీ. ట్రేలో కత్తెర చప్పుడు, నెత్తిన లైటు, స్పిరిట్ వాసన... నొప్పి లేకపోయినా లాగుతున్నట్టు, నొక్కుతున్నట్టు తెలుస్తూనే ఉంటుంది. "అమ్మో, మొదలెట్టేసేరు" అనుకుంటాడు. బీపీ పైకి పోతుంది, చెయ్యి బిగబట్టేస్తాడు.

హోస్ట్: మామూలుగా ఆ భయానికి ఏం ఇస్తారు?

డాక్టర్: నరానికి ప్రొపోఫాల్ లాంటి మత్తు. మంచి మందే. కానీ మోతాదు పెరిగితే ఊపిరి నెమ్మదిస్తుంది, బీపీ పడిపోతుంది, పక్కన నాలాంటివాళ్లు కళ్లు తిప్పకుండా కూర్చోవాలి. అయ్యాక ఆ రోజు బండి నడపకూడదు, ఇంటిదాకా తోడు ఉండాలి. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురం వెళ్లాల్సిన పెద్దావిణ్ణి ఆ మగతలో ఒక్కర్తినీ ఎలా పంపుతానండీ? కొడుకు పని మానుకుని రావాలి. చిన్న గడ్డకి రెండు కూలీలు పోతాయి. అందుకే, మత్తు ఎంత తగ్గితే అంత మేలని నేను పట్టుబడతాను.

హోస్ట్: హెడ్‌సెట్‌తో నిజంగా తగ్గుతుందని ఎవరైనా లెక్క తీసేరా?

డాక్టర్: తీసేరండి. బోస్టన్‌లో బెత్ ఇజ్రాయెల్ డీకనెస్ ఆసుపత్రివాళ్లు చేతి ఆపరేషన్లలో చూసి 2022లో ప్లాస్ వన్ పత్రికలో వేశారు. 34 మంది రోగులు. హెడ్‌సెట్ పెట్టుకున్నవాళ్లకి ప్రొపోఫాల్ గంటకి సగటున 125 మిల్లీగ్రాములు పడితే, పెట్టుకోనివాళ్లకి 750 పట్టింది. ఆపరేషన్ అయ్యాక ఉంచే రికవరీ గదిలోంచి కూడా సుమారు 22 నిమిషాలు ముందే బయటికొచ్చారు. నొప్పి ఎంత, తృప్తి ఎంత అని అడిగితే రెండు జట్ల మధ్యా చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. అంటే మందు అంత తగ్గించినా బాధ పెరిగినట్టు కనబడలేదు. 34 మందంటే చిన్న లెక్కే, ఒప్పుకుంటాను. అయినా నాకు దారి కనబడింది.

హోస్ట్: అసలు ఎవరికి తట్టిందండీ ఇది?

డాక్టర్: సియాటిల్‌లో, 1996లో మొదలైంది. హంటర్ హాఫ్‌మన్, డేవిడ్ ప్యాటర్సన్ అని ఇద్దరు సైకాలజిస్టులు. కాలిన గాయానికి డ్రెస్సింగ్ మార్చడం ఎప్పుడైనా చూసేరా? మార్ఫిన్ ఇచ్చినా కేకలు ఆగవు. అలా కాలినవాళ్ల కోసం స్నోవరల్డ్ అని ఒక వీఆర్ ఆట తయారుచేశారు. మంచులోయలో తేలుతూ పెంగ్విన్ల మీదికి మంచు ఉండలు విసరాలి. తరవాత మెదడు స్కాన్ తీస్తే, నొప్పికి స్పందించే చోట్ల చురుకు తగ్గింది. మెదడుకి ఉన్న ధ్యాస కొంతేనండి. అందులో సగం మంచులోకి పోతే గాయానికి మిగిలేది సగం.

హోస్ట్: మనవాళ్లకి మంచు ఏం తెలుసండీ!

డాక్టర్: ఆయ్, నా బాధ కూడా అదే! హెడ్‌సెట్‌తో వచ్చే బొమ్మల్లో ఎక్కడిదో సముద్రం, ఇంగ్లీషులో ఎవరో "ఊపిరి పీల్చు" అంటారు. మా పెద్దాళ్లకి అది ఇంకో గాభరా. మనకి పాపికొండల మధ్య లాంచీ ఉంది, కోరింగ మడ అడవుల్లో పాయలున్నాయి. చుట్టూ అన్ని వైపులా ఒకేసారి తీసే 360 డిగ్రీల కెమెరా ఉంటే మనమే తీసుకోవచ్చు. మేం లాంచీ మీద తీయించి, మాటలు మా నర్సు సిస్టర్ చేత చెప్పించాం. "అదిగోనండి, ఎడంపక్క కొంగలు" అంటుంది. రొయ్యల చెరువు కాపలా చేసే ఒకాయన, ఇక్కడ కుట్లు పడుతుంటే, "ఆ ఒడ్డున కనపడేది ఏ ఊరండి?" అని నన్నడిగేడు. ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

హోస్ట్: తియ్యడంలో జాగ్రత్తలేంటి?

డాక్టర్: కెమెరా ఊగకూడదు, లాంచీ నెమ్మదిగా పోవాలి. లేదంటే వికారం వస్తుంది. వెల్లకిలా పడుకున్నవాడికి వాంతైతే ప్రమాదం. ఇంకోటి, పడుకున్నవాడికి ఎదురుగా ఉండేది పైకప్పు కదా, బొమ్మని అటు తిప్పి పెట్టాలి. లేకపోతే పాపం ఉత్త ఆకాశమే చూస్తాడు. ఒక చెవి మాత్రం ఖాళీగా వదుల్తాం, నా మాట వినపడాలి. ప్రతి మనిషికీ కొత్త కవరు వేసి పట్టీ తుడవాలి. మన తలలకి కొబ్బరినూనె ఎక్కువ కదండీ, ఇది తేలిగ్గా తీసుకునే పని కాదు.

హోస్ట్: ఎవరికి పెట్టరు?

డాక్టర్: మూర్ఛరోగం, అంటే ఫిట్స్, ఉన్నవాళ్లకి పెట్టం. మొహం, కన్ను, చెవి ఆపరేషన్లకి ఎలాగూ కుదరదు. బస్సెక్కితే వాంతయ్యేవాళ్లు ముందే చెప్పాలి. కొందరికి కళ్లు మూసేస్తేనే భయం, ఏం చేస్తున్నారో చూస్తుంటేనే ధైర్యం. వాళ్లు వద్దంటే వెంటనే తీసేస్తాం.

హోస్ట్: ఆపరేషన్ రోజే మొదటిసారి పెడతారా?

డాక్టర్: వద్దండి. ముందు చెకప్‌కి వచ్చినప్పుడే రెండు నిమిషాలు పెట్టి చూపించమని అడగండి. తల తిరిగితే అప్పుడే తెలిసిపోతుంది, మేం వేరే ఏర్పాటు చేసుకుంటాం.